వరస ఎవరిదో రాసి పెట్టుకోవడం: ఒక పాత సోల్ పాట జాడ తీసే పద్ధతి

మా తాతగారు బరంపురంలో భజన గోష్ఠికి వెళ్లేటప్పుడు చంకలో పెట్టుకొని తీసుకువెళ్లిన నోటు పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో చాలా పాటల మీద సన్నని అక్షరాలతో ఒక మాట కనబడుతుంది: "ఫలానా పాట వరస". కొత్తగా అల్లిన పాటను ఏ పాత పాట నడకలో పాడుకోవాలో చెప్పడానికి రాసుకొన్న గుర్తు అది. పాడేవారికి అది సౌకర్యం మాత్రమే కావచ్చు గాని, ఇన్నేళ్ల తరువాత చదివేవారికి అది ఒక అప్పుల పద్దు; ఏ పాట ఏ పాట దగ్గర ఎంత తెచ్చుకొన్నదో అందులో తెలుస్తుంది. అటువంటి గుర్తు ఎవరూ రాయకుండా వదిలేసిన పాటకు ఆ గుర్తును మనమే వెతికి రాయడం ఎలాగన్నది ఈ వ్యాసం విషయం. మా ఇంటి ముందుగదిలో నెలకొక ఆదివారం పదిమందిమి కూర్చొని పాటలు వినే అలవాటు ఉంది. ఆ కూర్చోవడాల్లో తప్పులు చేస్తూ దిద్దుకొంటూ తయారుచేసుకొన్న పద్ధతి ఇది.

ఉదాహరణకు దూరదేశపు పాటను తీసుకొన్నాను. 1972లో లిన్ కాలిన్స్ అనే అమెరికన్ గాయని పాడిన "థింక్ అబౌట్ ఇట్" అన్న సోల్ పాట అది; సోల్ అంటే అమెరికాలో నల్లజాతివారి మధ్య పుట్టిన పాటల రకం. రాసినవాడు, చేయించినవాడు జేమ్స్ బ్రౌన్ అనే పేరుపడ్డ అమెరికన్ గాయకుడు. విడుదల చేసింది ఆయన సొంత రికార్డుల సంస్థ అయిన పీపుల్ రికార్డ్స్. మన ఊరి పాటతోనే మొదలుపెట్టవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చిన్నప్పటి నుంచి చెవిలో పడిన పాట విషయంలో మనకు తెలియకుండానే పక్షపాతం వస్తుంది, ప్రతిచోటా అదే వినబడుతుంది. పరిచయం లేని పాట మీద చేయి తిరిగితే, తరువాత ఇంటి పాట దగ్గరకు రావడం తేలిక.

పాటను ఎంచుకోవడం

మరీ గొప్పగా ఆడిన పాటను ఎంచుకోకండి. అందరికీ తెలిసిన పాట ప్రభావం గాలిలాంటిది, ఎటు నుంచి ఎటు వీచిందో పట్టుకోవడం కష్టం. అసలు ఎవరూ వినని పాటకైతే జాడే ఉండదు. రెంటికీ మధ్యనున్న పాట కావాలి. "థింక్ అబౌట్ ఇట్" పాటల ఆదరణను లెక్కకట్టే బిల్‌బోర్డ్ పత్రిక సోల్ పట్టికలో 9వ స్థానం దాకా వెళ్లింది. అన్ని రకాల పాటలూ కలిసి పోటీపడే హాట్ 100 పట్టికలో 66 దగ్గర ఆగిపోయింది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని గమనించి మీ పుస్తకంలో మొదటి పుటలోనే రాసుకోండి. నల్లజాతి శ్రోతల ఇళ్లలో, దుకాణాల్లో, వారి రేడియో కేంద్రాల్లో బాగా వినబడిన పాట మిగతా దేశానికి దాదాపు చేరలేదని ఆ దూరం చెబుతుంది. తరువాతి కాలంలో ఈ పాటను వెలికితీసినవారు కూడా ముందుగా ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలే. తమ తల్లిదండ్రుల అలమారులో ఉన్న రికార్డులనే వారు బయటికి తీశారు. పట్టికలో స్థానం పాట విలువను చెప్పదు గాని, పాట ఏ ఇళ్లలో నిలవ ఉన్నదో చెబుతుంది. జాడ తీసేవారికి కావలసింది అదే.

మూడుసార్లు వినడం

మొదటిసారి చేతిలో ఏమీ పట్టుకోకుండా పాటను పాటగానే వినండి. ఈ పాటలో లిన్ కాలిన్స్ గుడిలో ఉపదేశం చెప్పే మనిషిలాగా మాటలతో మొదలుపెడుతుంది. ఆమెకు ఆడ ఉపదేశకురాలు అన్న అర్థం వచ్చే బిరుదు కూడా ఉండేది. ప్రేమించిన ఆడదాన్ని చులకన చేసే మగవారిని నిలదీస్తుంది, సాటి ఆడవారికి ధైర్యం చెబుతుంది. ఈ సంగతి మరచిపోకండి, దీనితో చివరలో పని ఉంది.

రెండోసారి పెన్సిలు, గడియారం తీసుకోండి. వాయిద్యాలు ఒక్కొక్కటిగా తప్పుకొని డ్రమ్ములు మాత్రమే మిగిలే చోటు ఏ నిమిషం, ఏ సెకను దగ్గర వస్తుందో రాయండి. ఇటువంటి చోటును ఆ సంగీతకారులు బ్రేక్ అంటారు. మన మాటలో ఒంటరి దరువు అనుకోవచ్చు. ఈ పాటలో ఆ దరువు వాయించినవాడు జాన్ జాబో స్టార్క్స్. డ్రమ్ములతో పాటు, మన కంజీర అంచున ఉండే బిళ్లల చప్పుడును గుర్తుకుతెచ్చే తాంబూరిన్ మోత ఉంటుంది. వాటి మీద వెనుక నుంచి మగ గొంతులు వేసిన రెండు అరుపులు, ఒకటి "యే", ఇంకొకటి "వూ". అంతే. పాట మొత్తంలో ఆ భాగం అతి కొద్దిసేపు నడుస్తుంది గాని, ఈ పాట పేరు తెలియని కోట్లమందికి ఆ కొద్దిసేపే తెలుసు.

మూడోసారి చేత్తో తాళం వేస్తూ వినండి. ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకొంటున్న పిల్లలుంటే వారిని కూర్చోబెట్టండి, ఈ పని పెద్దల కన్నా వారే బాగా చేస్తారు. ఒక్కో అడుగుకు ఒక్కో దెబ్బ చొప్పున ఆది తాళం ఎనిమిది లెక్కలు వేస్తే, పాశ్చాత్య లెక్కలో నాలుగేసి దెబ్బల గడులు రెండు పూర్తవుతాయి. దరువు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి అదే చోటికి వస్తుందో ఆ లెక్కలో తేలుతుంది. తిరిగి మొదటికి వచ్చినప్పుడు అతుకు తెలియని దరువును ఎంతసేపైనా తిప్పుతూ పోవచ్చు. బాగా వాయించిన దరువులు ఎన్నో ఉండగా కొన్ని మాత్రమే వందలాది పాటల్లోకి వెళ్లడానికి ఈ గుణం ఒక పెద్ద కారణం.

పాట ఎలా ప్రయాణం చేసిందో తెలుసుకోవడం

ఈ భాగం మీద తొందరపడకండి. ఒక పాటకూ ఇంకొక పాటకూ పోలిక ఉందని చెప్పడం తేలిక. మొదటిది రెండోదాని దగ్గరకు ఏ దారిన వెళ్లిందో చూపించినప్పుడే ఆ మాట నిలుస్తుంది. "థింక్ అబౌట్ ఇట్" దారి బాగా తెలిసిన దారి కాబట్టి దాన్ని కొంచెం విపులంగా చెబుతాను.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ ప్రాంతంలో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో కూల్ హెర్క్ అనే కుర్రవాడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో రికార్డులు వేశాడు. జనం ఒంటరి దరువు వచ్చినప్పుడే ఎక్కువ హుషారుగా నృత్యం చేస్తున్నారని గమనించి, అతడు ఆ దరువును పొడిగించే ఉపాయం కనిపెట్టాడు: ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో దరువు ముగిసేసరికి రెండోదానిలో దాన్ని మొదటి నుంచి అందుకోవడం. అప్పటి నుంచి రికార్డులు వేసేవారికి పాట కన్నా పాటలోని ఆ కొన్ని సెకన్లు ముఖ్యమయ్యాయి. ఎవరి రికార్డులో మంచి దరువు ఉందో పక్కవాడికి తెలియకుండా రికార్డు మీది చీటీని నీళ్లలో నానబెట్టి ఊడదీసే అలవాటు కూడా వచ్చింది. మన భజన పుస్తకం మీది గుర్తుకు ఇది సరిగ్గా వ్యతిరేకమని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

రహస్యం ఎక్కువ కాలం నిలవలేదు. 1986 నుంచి 1991 వరకు ఇటువంటి దరువులున్న పాత పాటలను ఏరి "అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్" అన్న పేరుతో 25 రికార్డులుగా అమ్మారు. వాటిలో లిన్ కాలిన్స్ పాట కూడా ఉంది. అసలు రికార్డు దొరకని ఊళ్లలోని కుర్రవాళ్లకు కూడా దరువు అందుబాటులోకి వచ్చింది. అదే కాలంలో శబ్దాన్ని ముక్కగా తీసుకొని నిలవ చేసే యంత్రాలు చవకయ్యాయి. 1987లో వచ్చిన ఎస్‌పి 1200 అన్న యంత్రంలో మొత్తం సుమారు 10 సెకన్ల శబ్దం మాత్రమే పడుతుంది. అంత చిన్న సంచిలో ఎక్కువ సరుకు కుక్కడానికి, నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించుకొని, తరువాత యంత్రంలో నెమ్మదింపజేసేవారు. పాట మొత్తాన్ని దాచుకొనే చోటు లేదు, నాలుగు దెబ్బల దరువుకు ఉంది. ఏ పాట నిలిచింది, ఏది పోయింది అన్నదానిలో రుచికి ఎంత భాగముందో సంచి కొలతకూ అంత భాగముంది.

పాట సంతానాన్ని విభజించి రాయడం

ఇప్పుడు మీ పుస్తకంలో పుటను నాలుగు నిలువు గడులుగా గీయండి. అసలు శబ్దాన్నే కోసి అతికించినవి ఒక గడిలో, అదే దరువును కొత్తగా వాయించినవి రెండో గడిలో, పాటను మొత్తంగా మళ్లీ పాడినవి మూడో గడిలో, మాటనో భావాన్నో మాత్రమే తీసుకొన్నవి నాలుగో గడిలో వేయండి. కోసి అతికించిన దాన్ని శాంపిల్ అంటారు. కొన్ని పాటలు ఒకే గడిలో ఇమడవు, దానికి బాధపడనక్కరలేదు.

1988లో రాబ్ బేస్, డీజే ఈజీ రాక్ అనే అమెరికన్ ర్యాప్ జంట చేసిన "ఇట్ టేక్స్ టూ" మన ఉదాహరణకు పెద్ద సంతానం. దరువును, దానిమీది రెండు అరుపులను తీసుకొని పాట పొడుగునా తిప్పారు. అంతటితో ఆగలేదు. ఒక పని చక్కగా సాగాలంటే ఇద్దరు కావాలన్న అర్థంలో లిన్ కాలిన్స్ పాడిన వాక్యాన్ని ఆమె గొంతుతోనే తీసుకొని పల్లవి చేశారు, పాట పేరు కూడా అందులోదే. ఇది హాట్ 100లో 36వ స్థానానికి వెళ్లింది. అంటే సంతానం తల్లి కన్నా ముప్పై మెట్లు పైకి ఎక్కింది. మరుసటి ఏడాది జానెట్ జాక్సన్ "ఆల్‌రైట్" పాటలో కూడా ఈ రికార్డు ముక్క ఉంది. బాల్టిమోర్ నగరపు నృత్యశాలల్లో పుట్టిన క్లబ్ సంగీతానికైతే ఈ దరువు పునాదుల్లో ఒకటి. అక్కడ దాన్ని వేగం పెంచి, ముక్కలు చేసి, ముందువెనుకలు మార్చి వాడుకొన్నారు. మూడో గడిలో రాయవలసింది ఒక ముచ్చటైన సంగతి: 1993లో పాట్రా అనే జమైకా గాయని ఈ పాటను మళ్లీ పాడినప్పుడు లిన్ కాలిన్స్‌ను పిలిచి తనతో పాడించుకొంది. తన పాట ముక్కలుగా తిరుగుతున్న లోకంలోకి ఆమె నిండు మనిషిగా మళ్లీ వచ్చింది.

పోలికను రుజువుతో తూచడం

మా గోష్ఠిలో జరిగిన పొరపాటు చెబుతాను. రాయగడ దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో బండి మీది పెట్టెల్లోంచి వచ్చిన మోతలో "యే, వూ" అరుపులు విని, ఇది జాబో స్టార్క్స్ దరువేనని మేము ఘనంగా పుస్తకంలో రాసుకొన్నాము. తరువాత ఆ పాటలు వేసిన కుర్రవాడిని అడిగితే, పెన్ డ్రైవ్‌లో పేరు లేని వంద దరువుల సంచి ఒకటి ఎవరో ఇచ్చారని, అందులోదని చెప్పాడు. అది అసలు రికార్డు నుంచి కోసినదా, ఎవరైనా మళ్లీ వాయించినదా, దానిని చూసి ఇంకొకరు చేసినదా తేల్చే దారి మాకు లేకపోయింది. రాసినదాన్ని కొట్టివేసి "పోలిక మాత్రమే" అని మార్చాము. ఆ మాట రాయడానికి సిగ్గుపడకండి. నా లెక్కలో మంచి పుస్తకానికి గుర్తు అందులో ఈ మాట ఎన్నిసార్లు కనబడుతుందన్నదే.

రుజువు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి కాగితం మీద: కొత్త పాట రచయితల జాబితాలో పాత పాట రచయిత పేరు ఉంటే అనుమతి తీసుకొన్నారని అర్థం. అమెరికాలో 1991లో న్యూయార్క్ కోర్టు ఒక కేసులో అనుమతి లేని శాంపిల్‌ను దొంగతనంగా ఎంచి తీర్పు ఇచ్చిన తరువాత ఈ పేర్లు తప్పనిసరిగా కనబడసాగాయి. అంతకు ముందు పాటల విషయంలో కాగితాన్ని ఎక్కువ నమ్మలేము. రెండోది చెవి: వాయించినప్పుడు అనుకోకుండా పడిన చిన్న చప్పుడు, గొంతు చివర గరుకు, తాంబూరిన్ కొంచెం ముందుకు జరిగిన చోటు. వేలిముద్ర వంటి ఈ గుర్తులు మళ్లీ వాయించినప్పుడు అచ్చంగా రావు. అయితే వేగం మారితే శ్రుతి మారుతుందని గుర్తుంచుకోండి. 33 చుట్ల రికార్డును 45తో తిప్పితే షడ్జం దాదాపు శుద్ధ మధ్యమం దాకా ఎక్కుతుంది. ఫోనులో వేగం తగ్గించే సదుపాయంతో శ్రుతిని కూడా దించి, అప్పుడు పోల్చాలి.

విన్నది విన్నట్టు రాసుకోవడంలో మనకు దగ్గరి గురువు ఉన్నారు. సవరల మాటను సవరల నోటి నుంచే విని రాసుకొన్న గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేశారు. విన్నవారు తమ వ్యాకరణానికి అనువుగా దిద్ది రాస్తే భాష మిగలదు. దరువుకూ అంతే: మీకు నచ్చిన తాళంలోకి దాన్ని సరిచేయకండి.

పేర్లు, డబ్బు

పుటకు ఎడమ పక్కన పేర్లకు చోటు ఉంచండి: రాసినవారు, పాడినవారు, వాయించినవారు వేర్వేరు వరుసల్లో. ఈ మూడు వరుసలు నింపుతుంటే ఒక అన్యాయం దానంతట అదే బయటపడుతుంది. పాట రచయితగా జేమ్స్ బ్రౌన్ పేరు ఉంది, కాబట్టి పాట హక్కు మీద వచ్చే సొమ్ము ఆ దారిన పోతుంది. జనం కావాలనుకొన్నది మాత్రం డ్రమ్ము కొట్టినవాడి చేతిని. జేమ్స్ బ్రౌన్ దగ్గరే పనిచేసిన ఇంకొక డ్రమ్ము కళాకారుడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి దీనికి ప్రసిద్ధమైన సాక్ష్యం. 1970లో వచ్చిన "ఫంకీ డ్రమ్మర్" పాటలో అతడి దరువు లోకంలో అతి ఎక్కువగా వాడుకొన్న దరువుల్లో ఒకటి, రచయితగా పేరు లేనందువల్ల అతడికి అందులో దక్కింది స్వల్పం. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమాకు రాసి ఇచ్చేసినా గీత రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా పోకుండా చేశారు. పెళ్లిలో డోలు కొట్టినవాడికి, స్టూడియోలో రోజుకూలీకి తబలా వాయించినవాడికి ఆ వాటా చేరదు. మీ పుస్తకంలోనైనా వారి పేర్లు ఉండనివ్వండి.

రానిదాన్ని కూడా రాయడం

ఈ మెట్టు మా పద్ధతిలో మొదట లేదు. ఒక ఆదివారం "ఇట్ టేక్స్ టూ" వినిపించి, వెంటనే అసలు పాట పెట్టి, పాట అర్థం తెలుగులో చెప్పాను. మూల కూర్చొని పాటలు వింటూ బియ్యం ఏరుకొంటున్న మా పెద్దమ్మ చేట పక్కన పెట్టి అడిగింది: "ఏటి బాబూ, ఆ ఆడకూతురు అంత సేపు చెప్పిన బుద్ధంతా ఒగ్గేసి, ఎనకాల మగోళ్లు అరిసిన రెండు కేకలే అట్టుకుపోయారా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నాలుగు గడుల కింద ఐదోది ఒకటి అడ్డంగా గీస్తున్నాము: ఏది వచ్చింది అన్నదాని కింద ఏది రాలేదు. ఈ పాట విషయంలో ఆ గడి నిండిపోతుంది. ఉపదేశం రాలేదు. మగవారిని నిలదీసిన మాటలు రాలేదు. ఒక్క వాక్యం వచ్చింది, అది కూడా చుట్టూ ఉన్న సందర్భం పోగొట్టుకొని, హుషారు మాటగా మారి వచ్చింది. సంతానంలో తల్లి పోలిక ఎంత ఉందో చూసినట్టే, తల్లి ఇంట్లో ఏం మిగిలిపోయిందో చూడటం వల్ల ఆ పాటను ఎవరు ఎందుకు తీసుకొన్నారో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నృత్యం చేసే జనానికి దరువు కావాలి, ఉపదేశం కాదు. అది వారి తప్పు కాదు గాని, పుస్తకంలో అది నమోదు కావాలి.

ఇంటి పాట దగ్గరకు రావడం

చేయి తిరిగిన తరువాత బరంపురం వారికి వెతకవలసిన వస్తువు చేతికందే దూరంలోనే ఉంది. రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో నేత పనివారి వీధుల నుంచి అమ్మవారు బయలుదేరినప్పుడు, ఒళ్లంతా పసుపు నలుపు చారలు పూసుకొని పులి వేషాలు కట్టినవారి వెంట నడిచే డోలు దరువును మనలో ఎవరైనా నిద్రలో కూడా గుర్తుపడతారు. ఒడియా వారు బాఘ నాచ అంటారు, మన ఇళ్లలో పులి వేషమే. ఆ దరువు ఈనాడు పెళ్లి ఊరేగింపుల్లోకి, ఎన్నికల ప్రచార బండ్ల మీదికి, వినాయకుడి నిమజ్జనంలోకి వచ్చింది. దాన్ని ఏ పట్టికా లెక్కపెట్టలేదు. పైన చెప్పిన గడులే గీసి, యాత్ర రోజున ఫోనులో తీసుకొన్న మోతను, ఊరేగింపులో విన్న మోతను పక్కపక్కన పెట్టండి. వాయించేవారిని పేరు అడగండి, వారి గురువు పేరు అడగండి. యాత్ర జరుగుతున్నప్పుడు కాకుండా మరునాడు ఇంటికి వెళ్లి అడగడం మర్యాద. వేషం కట్టే రోజున ఉపవాసాలు, మొక్కులు ఉంటాయి, ముచ్చట్లకు తీరిక ఉండదు. తెలుగు ఇళ్లలో వరస అని, ఒడియా ఇళ్లలో వారి మాటలో అడగాలి. ఇచ్ఛాపురం దాటి సిక్కోలు వైపు వెళితే అదే దరువుకు నడక కొంచెం మారుతుంది, ఆ తేడాను పోలిక గడిలో వేయకుండా విడిగా రాయండి.

కూర్చోవడం ముగించే ముందు, ఆ రోజు ముక్కలు చేసి విన్న పాటను మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఒకసారి వినిపించండి. మా ఇంట్లో ఆ సమయానికి టీ గ్లాసులు లోపలికి వెళుతుంటాయి, చెప్పులు వెతుక్కొనేవారు లేస్తుంటారు. ఆ మధ్య ఒక ఆదివారం లిన్ కాలిన్స్ ఉపదేశం మొదలయ్యేసరికి మా పెద్దమ్మ చేట పట్టుకొని మళ్లీ వచ్చి కూర్చొంది.